అమెరికా తపాలా ఉద్యోగి తరఫున ఆర్బిట్రేషన్‌లో ఎలా వాదించాలి

అమెరికా పోస్టల్ సర్వీసులో లెటర్ క్యారియర్‌కి, అంటే ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఉద్యోగికి, ఉద్యోగం నుంచి తీసేస్తున్నామని నోటీసు వస్తే, ముందుగా వెళ్ళేది లాయర్ దగ్గరికి కాదు, యూనియన్ స్టీవార్డ్ దగ్గరికి, అంటే పనిచేసే చోట ఉండే యూనియన్ ప్రతినిధి దగ్గరికి. స్టీవార్డ్ గ్రీవెన్స్, అంటే ఒప్పందం ప్రకారం ఫిర్యాదు, వేస్తాడు. కింది మెట్లలో తేలకపోతే అది ఆర్బిట్రేటర్ అనే, ఏ పక్షానికీ చెందని తీర్పరి ముందుకు వెళ్తుంది. అక్కడ ఆ ఉద్యోగి పక్కన కూర్చుని అతని తరఫున మాట్లాడే మనిషిని అడ్వకేట్ అంటారు. పేరు అడ్వకేటే కానీ లా డిగ్రీ అక్కర్లేదు. లెటర్ క్యారియర్ల యూనియన్ ఎన్‌ఏఎల్‌సీ తరఫున వాదించేవాళ్ళలో ఎక్కువమంది ఒకప్పుడు సంచి మోసినవాళ్ళే. యూనియన్ ట్రైనింగ్ ఇచ్చి తయారు చేస్తుంది.

మీకు మొదటి కేసు అప్పగించారా? టెన్షన్ ఉంటుంది, ఉండాలి కూడా. ఎదురుగా ఉన్నది ఒక కుటుంబం తిండి. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒక్కటే ముందుగా చెప్తాను: ఆర్బిట్రేషన్ గదిలో కేసు తయారు కాదు. అది ఎప్పుడో ఆఫీసులో, మొదటి రెండు మూడు వారాల్లో, స్టీవార్డ్ చేతిలో తయారైపోయి ఉంటుంది. మీరు చేసేది ఆ ఫైల్లో ఉన్న నిజాన్ని ఆర్బిట్రేటర్‌కి కనిపించేలా చేయడం. కింద చెప్పేదంతా దానికోసమే.

మెట్లు, గడువులు

1970 మార్చి 18న న్యూయార్క్‌లో మొదలైన తపాలా సమ్మె తర్వాత అదే ఏడాది పోస్టల్ రీఆర్గనైజేషన్ చట్టం వచ్చింది. జీతాల మీద కూడా బేరమాడే హక్కు యూనియన్లకి వచ్చింది, సమ్మె హక్కు మాత్రం రాలేదు. పని ఆపే దారి లేని ఉద్యోగికి ఆఖరి మెట్టు ఆర్బిట్రేషనే. అందుకే యూనియన్‌కీ పోస్టల్ సర్వీసుకీ మధ్య ఉన్న ఒప్పందంలో 15వ ఆర్టికల్‌ని కంఠస్థం వచ్చేదాకా చదవండి.

ఎన్‌ఏఎల్‌సీ ఒప్పందంలో మొదటిది ఇన్‌ఫార్మల్ స్టెప్ ఏ. సంగతి తెలిసిన రోజు నుంచి, లేదా తెలిసి ఉండాల్సిన రోజు నుంచి 14 రోజుల్లోపు సూపర్‌వైజర్‌తో మాట్లాడాలి. తేలకపోతే 7 రోజుల్లో 8190 నంబరు ఫారం మీద ఫార్మల్ స్టెప్ ఏకి అప్పీలు. అక్కడా కుదరకపోతే మళ్ళీ 7 రోజుల్లో స్టెప్ బీకి. స్టెప్ బీలో యూనియన్ మనిషి ఒకరు, మేనేజ్‌మెంట్ మనిషి ఒకరు కలిసి కూర్చుని ఫైలు చూస్తారు. వాళ్ళిద్దరికీ పొసగకపోతే ఇంపాస్ అని రాస్తారు. ఆ కాగితం అందిన 14 రోజుల్లో యూనియన్ ఆర్బిట్రేషన్‌కి అప్పీలు చేయాలి. క్లర్కుల యూనియన్ ఏపీడబ్ల్యూయూలో మెట్ల పేర్లు వేరు, స్టెప్ 1, 2, 3 అంటారు. మెయిల్ హ్యాండ్లర్లకీ రూరల్ క్యారియర్లకీ వాళ్ళ సొంత ఒప్పందాలున్నాయి. నేను క్యారియర్ల ఒప్పందాన్ని పట్టుకుని చెప్తున్నాను. మీది వేరే క్రాఫ్ట్, అంటే వేరే ఉద్యోగ విభాగం, అయితే మీ పుస్తకంలో గడువులు చూసుకోండి.

కేసు చేతికి రాగానే క్యాలెండర్ ముందు పెట్టుకుని ప్రతి తేదీ సరిచూడండి. మన వైపు గడువు దాటిందని మేనేజ్‌మెంట్ అంటే, ఆ మాట కింది మెట్లలోనే అన్నారా లేదా చూడండి. అప్పుడు ఊరుకుని ఇప్పుడు లేవనెత్తుతుంటే మీరు గట్టిగా అభ్యంతరం చెప్పవచ్చు.

ఫైలుని మూడుసార్లు చదవండి

మొదటిసారి కథ కోసం చదవండి. పెన్ను పట్టుకోకండి. ఎవరు, ఎప్పుడు, ఏమైంది, అంతే.

రెండోసారి మేనేజ్‌మెంట్ మనిషిలా చదవండి. ఇది చాలామంది చేయరు. మన మనిషి తప్పు చేశాడని నిరూపించాలంటే ఏ కాగితం పైకెత్తుతారు? ఏ వాక్యం చదివి వినిపిస్తారు? మనకి నొప్పి కలిగించే ప్రతి పేజీకీ గుర్తు పెట్టండి. ఆ పేజీలకి మీ దగ్గర జవాబు తయారుగా ఉండాలి.

మూడోసారి కాగితానికీ కాగితానికీ మధ్య పొంతన కోసం చదవండి. అసలు పని ఇక్కడే ఉంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. సెలవులు ఎక్కువ పెట్టాడని ఒక క్యారియర్‌ని తీసేశారు అనుకోండి. నోటీసులో ఎనిమిది గైర్హాజరు తేదీలు రాశారు. 3972 ఫారం తీయండి, అది ఏడాది పొడవునా హాజరు చూపించే పట్టిక. ఆ ఎనిమిదీ అందులో ఉన్నాయా? ప్రతి తేదీకీ 3971 సెలవు ఫారం ఉందా? దాని మీద సూపర్‌వైజర్ ‘మంజూరు’ అని సంతకం పెట్టాడా? అందులో రెండు రోజులు కుటుంబ వైద్య సెలవు చట్టం కింద రక్షణ ఉన్నవైతే, వాటిని క్రమశిక్షణ చర్యకి లెక్కలోకి తీసుకోకూడదు. అప్పుడు ఎనిమిది ఆరవుతాయి. మిగిలిన ఆరులో రెండు వరసగా ఒకే జబ్బుకి పెట్టిన రోజులని తేలవచ్చు. నోటీసు చదివినప్పుడు కొండలా కనిపించిన కేసు, ఫారాలు పక్కపక్కన పెట్టేసరికి కరగడం మొదలవుతుంది.

అదే నోటీసులో పాత శిక్షల జాబితా కూడా ఉంటుంది: హెచ్చరిక లేఖ, 7 రోజుల సస్పెన్షన్, 14 రోజుల సస్పెన్షన్. ఒక్కొక్కటీ తర్వాత ఏమైందో కనుక్కోండి. రాజీలో రద్దయిన శిక్షని మళ్ళీ చూపిస్తున్నారేమో. 16వ ఆర్టికల్ 10వ సెక్షన్ ప్రకారం, రెండేళ్ళ పాటు కొత్త చర్య ఏదీ లేకపోతే పాత శిక్షని లెక్కలోకి తీసుకోకూడదు. తేదీలు వేళ్ళ మీద లెక్కపెట్టండి.

ఫైల్లో లేనిదాన్ని కూడా గుర్తించండి. పక్క రూట్లో క్యారియర్లకి ఇన్నే గైర్హాజర్లున్నా వాళ్ళని ఏమీ అనలేదని మన మనిషి చెప్తాడు. నిజమే కావచ్చు. కానీ వాళ్ళ 3972లు ఫైల్లో ఉన్నాయా? 17, 31 ఆర్టికల్స్ కింద స్టీవార్డ్‌కి ఆ సమాచారం అడిగే హక్కుంది. అడిగిన ఉత్తరం ఫైల్లో ఉండి, మేనేజ్‌మెంట్ ఇవ్వకపోతే అదీ మనకి ఆయుధమే. అసలు అడగకపోతే మాత్రం చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. స్టెప్ బీ దాటాక కొత్త సాక్ష్యం, కొత్త వాదన పెట్టనివ్వరు. కాబట్టి మీ ప్రాంతంలో స్టీవార్డ్‌లతో కలిసి కూర్చునే అలవాటు పెట్టుకోండి. వాళ్ళు నేడు రాసే ఇన్ఫర్మేషన్ రిక్వెస్టే ఏడాది తర్వాత మీ ఎగ్జిబిట్, అంటే ఆర్బిట్రేటర్ ముందు పెట్టే సాక్ష్య పత్రం.

జస్ట్ కాజ్ అంటే ఏమిటో నోటికి రావాలి

16వ ఆర్టికల్ మొదటి సెక్షన్ రెండు మాటలు చెప్తుంది. శిక్ష మనిషిని సరిదిద్దడానికే కానీ కసి తీర్చుకోవడానికి కాదు. న్యాయమైన కారణం లేకుండా ఎవరినీ శిక్షించకూడదు, తీసేయకూడదు. ఆ న్యాయమైన కారణాన్నే జస్ట్ కాజ్ అంటారు. అది ఉందని నిరూపించాల్సిన భారం మేనేజ్‌మెంట్‌ది. ఈ ఒక్క విషయం మరిచిపోయి మన మనిషి నిర్దోషి అని నిరూపించడానికి తంటాలు పడే అడ్వకేట్లని చూశాను. ఆ బరువు మీది కాదు, నెత్తికెత్తుకోకండి.

రెండు పక్షాలూ కలిసి రాసుకున్న వివరణ పుస్తకం జేక్యామ్. అందులో జస్ట్ కాజ్‌ని తూచడానికి ఆరు ప్రశ్నలున్నాయి. రూలు ఉందా, ఉంటే అది ఉద్యోగికి తెలుసా? ఆ రూలు సహేతుకమైనదేనా? అందరి మీదా ఒకేలా అమలు చేస్తున్నారా? ఈ మూడింటిలో తరచుగా దొరికేది మూడోది, ఒకరికో న్యాయం ఇంకొకరికో న్యాయం. నాలుగోది విచారణ. చర్య తీసుకోకముందే పూర్తిగా విచారించారా? ఎద్దు ఈనిందంటే దూడని కట్టేయమన్నట్టు, ఎవరో చెప్పిందే పట్టుకుని నోటీసు రాసేసిన కేసులు చాలా ఉంటాయి. ఉద్యోగిని పిలిచి మాట్లాడిన రోజు నోట్స్ చూడండి. అడిగిన ప్రశ్నలు ముందే టైపు చేసి ఉండి, అతను చెప్పిన జవాబుని ఎవరూ సరిచూడకపోతే, దాన్ని విచారణ అనలేం. స్టీవార్డ్ కావాలని అతను అడిగాడా, ఇచ్చారా అన్నది కూడా చూడండి. విచారణలో యూనియన్ ప్రతినిధిని కోరే హక్కు అమెరికా సుప్రీంకోర్టు 1975లో ఇచ్చిన వైన్‌గార్టెన్ తీర్పు నుంచి ఉంది.

అయిదోది శిక్ష తప్పుకి తగినట్టుందా అని. అతని సర్వీసు ఎన్నేళ్ళు, పాత రికార్డు ఎలా ఉంది, ఇలాంటి తప్పుకి మామూలుగా ఏం శిక్ష వేస్తున్నారు అన్నవన్నీ ఇందులోకే వస్తాయి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేశారని చూపించగలిగితే, తప్పు జరిగినా ఉద్యోగం నిలబడవచ్చు. ఆరోది ఆలస్యం. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు, ఎప్పుడో తెలిసిన విషయానికి ఇప్పుడు నోటీసా?

ఈ ఆరింటికి తోడు ఇంకొకటుంది, నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. 16వ ఆర్టికల్ 8వ సెక్షన్ ప్రకారం, సస్పెన్షన్ గానీ తొలగింపు గానీ సూపర్‌వైజర్ ప్రతిపాదించాలి, పై అధికారి దాన్ని విడిగా చూసి ఒప్పుకోవాలి. అంటే ఇద్దరు మనుషులు, రెండు నిర్ణయాలు. పై నుంచి ‘వీణ్ణి తీసేయ్’ అని చెప్తే కింద సంతకం పెట్టడం ఆ సెక్షన్‌కి విరుద్ధం. నోటీసు తేదీ, సమ్మతి సంతకం తేదీ, మధ్యలో ఈమెయిళ్ళు, ఇవన్నీ జాగ్రత్తగా చూడండి.

ఒక్క వాక్యం రాయండి

ఫైలు చదవడం అయ్యాక మీ కేసు మొత్తాన్ని ఒక్క వాక్యంలో రాయండి. ‘పదిహేనేళ్ళుగా పనిచేస్తున్న ఈ క్యారియర్‌ని, ఇతరులకి ఏ శిక్షా వేయని గైర్హాజర్లకి, విచారించకుండానే తీసేశారు.’ ఇలా. రాయలేకపోతున్నారంటే ఫైలు ఇంకా మీ సొంతం కాలేదు. వాక్యం కుదిరాక, దానికి సాయపడని వాదనలని పక్కన పెట్టే ధైర్యం కావాలి. స్టీవార్డ్ పదకొండు పాయింట్లు రాసి ఉంటాడు. పదకొండూ చెప్తే ఆర్బిట్రేటర్‌కి ఒక్కటీ గుర్తుండదు. బలమైన మూడు పట్టుకోండి.

కేసు క్రమశిక్షణది కాకుండా ఒప్పంద ఉల్లంఘనది అయితే, ఓవర్‌టైం పంపకమో రూట్ కొలతో, భారం మారుతుంది. అప్పుడు నిరూపించాల్సింది మనమే, మొదట మాట్లాడేదీ మనమే. అక్కడ ఏ ఆర్టికల్, హ్యాండ్‌బుక్‌లో ఏ సెక్షన్ అని వేలు పెట్టి చూపించాలి. ఎం-39, ఎం-41, ఈఎల్ఎం లాంటి పోస్టల్ సర్వీసు నియమాల పుస్తకాలు 19వ ఆర్టికల్ ద్వారా ఒప్పందంలో భాగమే.

మనిషిని కలవండి

ఫోనులో కాదు, వీలైతే ఎదురుగా కూర్చుని. నెలల తరబడి జీతం లేక ఉన్న మనిషి అతను. మొదటి అరగంట అతన్ని చెప్పనివ్వండి, మధ్యలో ఆపకండి. కోపం ఉంటుంది, ఏడుపు ఉంటుంది. అది అయ్యాక అసలు పని మొదలుపెట్టండి.

నాకు దాచిపెట్టకండి అని స్పష్టంగా చెప్పండి. గదిలో మొదటిసారి వినే చేదు నిజమంత ప్రమాదం ఇంకొకటి లేదు. తర్వాత మేనేజ్‌మెంట్ అడిగే ప్రశ్నలన్నీ మీరే వేసి జవాబులు సాధన చేయించండి. జవాబులు మీరు నేర్పకూడదు. నిజాన్ని తిన్నగా, క్లుప్తంగా చెప్పడం మాత్రమే నేర్పాలి. అడిగిందానికే జవాబు, తెలియకపోతే తెలియదు, తప్పు చేసి ఉంటే చేశాను అని. చేసిన తప్పుని ఒప్పుకుని ఇకమీదట ఎలా సరిచేసుకుంటాడో చెప్పే మనిషిని ఆర్బిట్రేటర్ నమ్ముతాడు. అన్నీ కాదనేవాడిని నమ్మడు.

మన తెలుగువాళ్ళకి ఒక మాట. హియరింగ్ అంతా ఇంగ్లీషులోనే. మన ఉచ్చారణ వాళ్ళకి అర్థమవుతుందా అని దిగులు పడతాం. మీరు అడ్వకేట్ అయితే ప్రారంభ ప్రసంగం పూర్తిగా రాసుకుని, గట్టిగా చదివి, వేగం సగానికి తగ్గించండి. ఆర్బిట్రేటర్ నోట్సు రాసుకుంటూ ఉంటాడు కాబట్టి నెమ్మదిగా మాట్లాడేవాళ్ళంటే ఆయనకీ సుఖమే. సాక్షి ఇంగ్లీషులో తడబడే మనిషైతే చిన్నచిన్న ప్రశ్నలు వేయండి. దుభాషి కావాలనిపిస్తే హియరింగ్‌కి చాలా ముందే అడగండి.

అతనికి యూనియన్ సభ్యత్వం లేకపోయినా మీరు ఇంతే శ్రద్ధ పెట్టాలి. క్రాఫ్ట్‌లో ప్రతి ఉద్యోగికీ న్యాయంగా ప్రాతినిధ్యం ఇవ్వడం యూనియన్‌కి చట్టపరమైన బాధ్యత.

సూపర్‌వైజర్‌ని ప్రశ్నించడం

క్రాస్ ఎగ్జామినేషన్ అంటే గొంతు పెంచడం కాదు. జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు, అవును కాదు అని మాత్రమే చెప్పగలిగే ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నలో ఒక్కటే విషయం. ‘ఎందుకు’ అని అడగకండి. అడిగారంటే పది నిమిషాల ఉపన్యాసం వింటారు, మీరే అవకాశం ఇచ్చినవారవుతారు.

పైన చెప్పిన సమ్మతి విషయమే తీసుకోండి. ఇలా సాగాలి:

‘ఈ నోటీసు మీద సంతకం మీదేనా?’
‘అవును.’
‘ఈ తొలగింపు గురించి రాయకముందు స్టేషన్ మేనేజర్‌తో మాట్లాడారా?’
‘మాట్లాడాను.’
‘ఆయన తీసేయమన్నారా?’

ఆ మూడో ప్రశ్నకి జవాబు ఫైల్లో, ఏదో ఈమెయిల్లో ఉంటేనే అడగండి. లేకపోతే రెండో జవాబు దగ్గర ఆగిపోయి, మిగిలింది ముగింపు వాదనలో మీరు చెప్పండి. మంచి జవాబు వచ్చాక ఇంకో ప్రశ్న వేయాలనిపిస్తుంది. నేను ఒకసారి అలా వేశాను. సాక్షి తన మాటని సరిదిద్దుకున్నాడు, ఆ పాయింటు పోయింది. ఇప్పటికీ నా నోట్సులో పై అంచున ‘ఆగు’ అని రాసుకుంటాను.

మీ సాక్షుల విషయంలో మాత్రం తలుపు తెరిచే ప్రశ్నలు వేయాలి: ఏం జరిగింది, ఎక్కడున్నారు, ఏం చూశారు. అక్కడ మాట్లాడాల్సింది వాళ్ళు.

హియరింగ్ రోజు

అరగంట ముందు వెళ్ళండి. ఎగ్జిబిట్లు మూడు సెట్లు: ఆర్బిట్రేటర్‌కి, అవతలివారికి, మీకు. ఒప్పందమూ గ్రీవెన్స్ ఫైలూ మామూలుగా ఉమ్మడి ఎగ్జిబిట్లుగా పెడతారు. వివాదాంశాన్ని రెండు పక్షాలూ కలిసి రాస్తాయి. ‘తొలగింపుకి జస్ట్ కాజ్ ఉందా? లేకపోతే పరిహారం ఏమిటి?’ అన్నంత సూటిగా ఉంటే చాలు. సాక్షులు ఒకరి మాట ఒకరు వినకుండా బయట ఉంచమని అడగండి. క్రమశిక్షణ కేసులో మేనేజ్‌మెంట్ ముందు మొదలుపెడుతుంది.

కింది మెట్లలో లేని కొత్త ఆరోపణ అవతలివారు తెస్తే వెంటనే అభ్యంతరం చెప్పండి. ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పి, ఫైల్లో పేజీ చూపించి, ఆగండి. ఆర్బిట్రేటర్ కాదంటే వాదించకుండా ముందుకు వెళ్ళండి. ప్రతి చిన్నదానికీ అభ్యంతరం చెప్తే అసలైనదాన్ని ఎవరూ పట్టించుకోరు.

చిన్న కేసులకి వాడే ఎక్స్‌పెడైటెడ్ హియరింగ్‌లో రాతపూర్వక వాదనలుండవు, 48 గంటల్లో తీర్పు వస్తుంది, అది తర్వాతి కేసులకి ప్రమాణం కాదు. తొలగింపులు మామూలు రెగ్యులర్ హియరింగ్‌లో నడుస్తాయి.

రాజీ మాట వస్తే

చాలా కేసులు హియరింగ్ రోజు పొద్దున్నే, కాఫీ కప్పుల దగ్గర తేలిపోతాయి. వచ్చిన ఆఫర్‌ని తీసిపారేయకండి, ఎగిరి పట్టుకోకండి. గెలిచే అవకాశం ఎంతో నిజాయితీగా చూసుకోండి. ఆర్బిట్రేటర్ ఉద్యోగం తిరిగి ఇచ్చి, పని లేని కాలానికి పోయిన జీతం ఇవ్వకపోవడమూ ఉంది. కేసు యూనియన్‌ది కాబట్టి తుది నిర్ణయం యూనియన్‌దే, అయినా ఆ మనిషికి ప్రతి షరతూ విడమరిచి చెప్పకుండా సంతకం పెట్టకండి. ముఖ్యంగా ‘లాస్ట్ చాన్స్’ ఒప్పందాలు. అవి ఉద్యోగం తిరిగి ఇస్తాయి, కానీ మళ్ళీ తప్పు జరిగితే అప్పటి ఆర్బిట్రేటర్ ముందు మిగిలేది చాలావరకు ఒకటే ప్రశ్న, షరతు మీరారా లేదా అని. ఆ షరతు ఎంత కాలం, ఏ తప్పులకి వర్తిస్తుంది అన్నది ఇరుగ్గా, స్పష్టంగా రాయించండి.

అడిగితేనే వస్తుంది

పరిహారం అడగడం ఫార్మల్ స్టెప్ ఏ నుంచే ఉండాలి. నోటీసు రద్దు, ఉద్యోగం, పోయిన జీతం, పోయిన ఓవర్‌టైం, సెలవుల జమ, రికార్డుల నుంచి తొలగింపు అన్నీ విడివిడిగా. పని లేని కాలంలో వేరే ఉద్యోగం కోసం వెతికినట్టు రుజువులు దాచుకోమని మీ మనిషికి మొదటి రోజే చెప్పండి. ఎక్కడ దరఖాస్తు పెట్టాడు, ఏ తేదీన, ఏం జవాబొచ్చింది అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు. ఈఎల్ఎం 436వ సెక్షన్ కింద పోయిన జీతం లెక్కకట్టేటప్పుడు ఇది అడుగుతారు.

తీర్పు వచ్చిన రోజే అతనికి ఫోన్ చేయండి. ముందు చివరి పేజీ చదివి వినిపించండి, కారణాలు తర్వాత. గెలిస్తే 8038 ఫారం పోయిన జీతం కోసం నింపాలి, దాన్ని అతను ఒక్కడే నింపుకోవాల్సిన అవసరం రాకూడదు, పక్కన కూర్చోండి. డబ్బు అందేదాకా నెలకోసారి ఆరా తీయండి. తీర్పుని అమలు చేయకుండా సాగదీస్తుంటే, అది కొత్త గ్రీవెన్స్. 14 రోజుల గడియారం మళ్ళీ మొదలైనట్టే, స్టీవార్డ్‌కి ఆ రోజే చెప్పండి.